మావయ్య యెజ్డీకి రివర్స్ గేర్లు

నిన్న రవాణా కార్యాలయం ఆవరణలో జరిగినదాన్ని మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెప్పుకుని నవ్వుకుంటున్నారు. పదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పుకునే మనిషిని కనుక, అసలు సంగతి ఏమిటో కార్యకారణాలతో సహా నేనే రాసిపెట్టడం మంచిదని ఈ కాగితాలు ముందేసుకున్నాను.

బండి మా మేనమామది. 1979లో కొన్న యెజ్డీ 250. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారంలో పుట్టి, ఆ కర్మాగారం 1996లో మూతపడిన తరువాత కూడా మా పెరట్లో పశువుల పాక పక్కన బతికి ఉన్న జీవి. మావయ్య తన యౌవనంలో మద్రాసు దగ్గరి షోలవరానికి వెళ్ళి, రెండవ ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే మీద జరిగే మోటారు సైకిలు పందాలు చూసి వచ్చాడు. చూసినవాడు చూసినట్టు ఊరుకోకుండా, ఇంటికి రాగానే లైట్లు, హారన్, మడ్‌గార్డులు, వెనుక సీటు, శారీ గార్డు అన్నీ ఊడబెరికి, గుబ్బల టైర్లు తొడిగించి, రెండు సైలెన్సర్లనూ పైకి వంచి వెల్డింగు చేయించి, ఎండిన చెరువులో ఎగిరించడం మొదలుపెట్టాడు. అలా రోడ్డు బండి మట్టి బండి అయింది. మోకాళ్ళు అరిగిన తరువాత ఇప్పుడు, "ఒరేయ్, దీన్ని నీ పేరున రాయించుకుని మళ్ళీ రోడ్డెక్కించరా, నన్ను వెనకాల కూర్చోబెట్టుకుని గుడికి తీసుకెళ్దువుగాని" అని నా చేతికి తాళం ఇచ్చాడు. ఆర్సీ పుస్తకం కూడా ఇచ్చాడు గాని, అందులో ఎలుకలు తినగా మిగిలినది తక్కువ.

రోడ్డెక్కించడమనే పనిలో ఉన్న న్యాయం ఎలాంటిదో మొదట కౌంటరు దగ్గరే తెలిసింది. 2021లో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేకమైన నియమాలు తెచ్చి, వాటి నంబరులో 'వీఏ' అనే అక్షరాలు ఉంచే గౌరవం కల్పించింది. అయితే ఆ గౌరవం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన వాహనాలకు మాత్రమే దక్కుతుంది. రుసుము 20,000 రూపాయలు. అంత చెల్లించినా ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతులకూ తప్ప బండిని రోడ్డు మీదికి తీయకూడదు. మా యెజ్డీకి ఇంకా 50 నిండలేదు. పైగా 15 ఏళ్ళు ఎప్పుడో దాటిపోయింది కనుక మామూలు బండ్లలో కూడా అది ముసలిదే. పాతబండి అన్న మర్యాద లేదు, ముసలిబండి అన్న హరిత పన్ను మాత్రం ఉంది. కౌంటరులోని అమ్మాయి ఎంతో దయగా, "ఇంకొన్నాళ్ళు ఆగి రండి సార్, వింటేజ్ అయిపోతుంది" అని సలహా ఇచ్చింది. పక్కన నిలబడిన మావయ్య, "అప్పటికి నేను కూడా వింటేజ్ అయిపోతానమ్మా" అన్నాడు. సరే, 25వ ఫారంతో రిజిస్ట్రేషన్‌ను తిరిగి చెల్లుబాటు చేయించుకుందామని, దానికి ముందు బండిని కంపెనీ ఇచ్చినప్పటి రూపానికి తెద్దామని తీర్మానించుకున్నాం.

ఆ మరమ్మతుల కథ అక్కరలేదు. ఖర్చు అంతకన్నా అక్కరలేదు. శారీ గార్డు సంగతి మాత్రం చెప్పాలి. వెనుక మనిషి కూర్చునే మోటారు సైకిలుకు ఆ మనిషి పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టులు, బట్టలు చక్రంలో చిక్కుకోకుండా వెనుక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 123వది చెబుతుంది. మావయ్య ఊడబెరికిన శారీ గార్డును అత్తయ్య అప్పట్లోనే తీసుకుని పెరట్లో బీరపాదుకు ఆసరాగా పాతింది. నలభై ఏళ్ళుగా బీరకాయలు కాస్తున్న ఆ వస్తువును తిరిగి బండికి బిగించడానికి ఆవిడ ఒప్పుకోవడం కన్నా, ఆర్సీ పుస్తకానికి నకలు పుట్టించడమే సులువైంది.

నిన్న ఉదయం తనిఖీ. మా ఊళ్ళో బ్రేక్ ఇన్‌స్పెక్టరు అనే పేరుతో అందరూ భయభక్తులతో పిలుచుకునే మోటారు వాహనాల తనిఖీ అధికారి గారు వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన వయస్సు బండి వయస్సులో సగం కూడా ఉండదు. ఎదుట స్టూలు, దాని మీద ఫైళ్ళు, ఫైళ్ళ మీద టీ గ్లాసు. ఆవరణలో అవతలి వైపు లైసెన్సు కోసం ఎనిమిది వేసే కుర్రవాళ్ళు వరుసలో నిలబడి ఉన్నారు. ఆ వరుసలో మొదటివాడు నా దగ్గర చదువుకున్నవాడే. నన్ను చూసి నమస్కారం కూడా పెట్టాడు.

చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే, రంగుల పొరల కింద నుంచి అంకెలు దయతలచి బయటికి వచ్చాయి. లైటు వెలిగింది. ఆరు వోల్టుల హారన్ ముక్కు దిబ్బడ వేసిన మేకపిల్లలా మూలిగింది గాని, మూలిగింది. ఇన్‌స్పెక్టరు గారు టిక్కు పెట్టి, "ఒకసారి స్టార్టు చేసి, అక్కడి గేటు దాకా వెళ్ళి బ్రేకు వేసి చూపించండి" అన్నారు.

ఇక్కడ యెజ్డీ గురించి తెలియనివారి కోసం ఒక మాట చెప్పాలి. ఆ బండికి కిక్కు కొట్టే రాడ్డు, గేరు మార్చే రాడ్డు ఒకటే. ఎడమ వైపున ఉండే ఆ రాడ్డును లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కర్ అవుతుంది, కొట్టిన తరువాత మళ్ళీ ముందుకు తిప్పితే గేరు అవుతుంది. అంటే ఒకే కాలితో బండికి ప్రాణం పోసి, అదే కాలితో దాన్ని నడిపించాలి. నేను శాస్త్రోక్తంగా రాడ్డు పైకి తిప్పి కొట్టాను. కొట్టిన దెబ్బలో బలం చాలలేదేమో, సగం దిగిన రాడ్డు ఒక్కసారిగా నా అరికాలిని ఎదురు తన్నింది. అయినా ఇంజను అంటుకుంది! లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల చొప్పున కలిపిన టూటీ ఆయిలు పొగ ఆవరణంతా కమ్ముకుంది. శబ్దం రోజూ ఉన్నట్టు లేదని, కాస్త నత్తి పడుతున్నదని గమనించాను గాని, అంతమంది ముందు అంటుకున్న ఇంజనును తిరిగి ఆర్పే ధైర్యం ఎవరికుంటుంది? మొదటి గేరు వేశాను. బండి వెనక్కి కదిలింది.

ఆ క్షణంలో నా మెదడు చేసిన ఆలోచనలో తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. మోటారు సైకిలు వెనక్కి కదిలితే దానికి మనకు తెలిసిన కారణం ఒక్కటే, నేల వాలుగా ఉండడం. వాలులో వెనక్కి జారుతున్న బండిని ముందుకు లాగాలంటే ఇంజను శక్తి పెంచాలి. ఇది ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా ఒప్పుకునే తర్కం. అందువల్ల ఆక్సిలరేటరు ఇంకొంచెం తిప్పాను. బండి ఇంకొంచెం వేగంగా వెనక్కి వెళ్ళింది. వాలు నేను అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉన్నట్టుందని ఇంకా తిప్పాను. ఎనిమిది వేసే వరుసలోంచి నా శిష్యుడు, "మాస్టారూ, మీరు వెనక్కి వెళుతున్నారండీ!" అని గట్టిగా అరిచాడు. అది నాకు తెలియని విషయం కాదు. మావయ్య బల్ల మీద నుంచి లేచి, "ముందుకు పోనీరా, ముందుకు!" అని చేతులూపడం మొదలుపెట్టాడు. వెనక్కి వెళుతున్న బండికి హ్యాండిల్ ఎటు తిప్పితే ఎటు పోతుందో ఆలోచించి చెప్పగలను గాని, ఆలోచించడానికి కావలసిన వ్యవధి అక్కడ లేదు. కుడివైపు తిప్పితే వేపచెట్టు దగ్గరయింది. ఎడమవైపు తిప్పితే స్టూలు దగ్గరయింది. రోడ్డు బండిలో ఉండవలసిన అద్దాన్ని నియమాల ప్రకారం బిగించుకున్నాను కనుక, అందులో ఇన్‌స్పెక్టరు గారి ముఖం క్రమంగా పెద్దదవుతూ, చివరికి అద్దమంతా ఆయనే నిండిపోవడం చాలా స్పష్టంగా కనిపించింది. ఆయన లేచారు. కుర్చీ లేవలేదు. బీరపాదు నుంచి వచ్చిన శారీ గార్డు ఆ కుర్చీ చేతిని పట్టుకుని కొంతదూరం లాక్కుపోయింది. అప్పటికి ఇంజనుకు తన మీద తనకే విసుగు పుట్టి ఆగిపోయింది.

టీ ఫైళ్ళ మీద ఒలికింది. ఆ ఫైళ్ళలో మాది లేదని తరువాత తెలిసి కొంత ఊరట కలిగింది.

"ఏమండీ, ఇది ముందుకు వెళ్ళదా?" అని ఇన్‌స్పెక్టరు గారు చెట్టు వెనుక నుంచి అడిగారు.

క్షమించమని ఒక మాట అని ఊరుకోవలసిన చోట, ముప్పై ఏళ్ళ బోధన నాలో మేల్కొంది. టూ స్ట్రోక్ ఇంజనుకు ఫోర్ స్ట్రోకుకు ఉన్నట్టు వాల్వులు, వాటిని నడిపించే కామ్‌షాఫ్టు ఉండవని, పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ సిలిండరు గోడలోని రంధ్రాలను తానే మూస్తూ తెరుస్తూ ఉంటుందని, ఆ రంధ్రాలకు ముందువెనుకల భేదం తెలియదని వివరించాను. పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందే నిప్పురవ్వ పడుతుంది గనుక, కిక్కులో బలం చాలకపోతేనో, మెకానిక్ ఆ రవ్వ పడే సమయాన్ని, అంటే టైమింగును, మరీ ముందుకు పెట్టేస్తేనో, ఆ పేలుడు పిస్టన్‌ను వచ్చిన దారినే తిప్పి కొడుతుందని, అప్పుడు ఇంజను హాయిగా వెనక్కి తిరుగుతుందని చెప్పాను. ఎనిమిది వేయవలసిన కుర్రవాళ్ళంతా చుట్టూ చేరారు. ఇన్‌స్పెక్టరు గారు కూడా తల ఊపుతూ వింటున్నారు. తరగతిలో అంత శ్రద్ధ నాకు ఏనాడూ దక్కలేదు. ఆ ఉత్సాహంలో 1950లలో జర్మనీవారు చేసిన మెస్సర్‌ష్మిట్ కేఆర్200 అనే మూడు చక్రాల బుల్లి కారు గురించి కూడా చెప్పాను. అందులో ప్రత్యేకంగా రివర్స్ గేరు పెట్టకుండా, టూ స్ట్రోక్ ఇంజనునే ఆపి వెనక్కి తిరిగేలా స్టార్టు చేసుకునే ఏర్పాటు ఉండేది.

"అంటే వెనక్కి ఎన్ని గేర్లు ఉంటాయి?" అని ఆయన అడిగారు.

"ముందుకు ఎన్ని ఉంటే వెనక్కి అన్నీ ఉంటాయండీ. ఆ కారుకు నాలుగు."

"మరి ఈ బండికి?"

"దీనికీ నాలుగేనండీ" అన్నాను.

ఆయన కలం తీసి ఫారం మీద రాయడం మొదలుపెట్టారు. రాసినది చదివితే నాకు నోట మాట రాలేదు. "ఈ వాహనమునకు తయారీదారు ఇవ్వని నాలుగు రివర్స్ గేర్లు అమర్చబడినవి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అవి అనధికార మార్పు. తొలగించి, తొలగించినట్లు రసీదు జతచేసి మరల చూపవలెను." అయ్యా, అవి విడిగా ఉండవు, ముందుకు వెళ్ళే గేర్లే వెనక్కి కూడా వెళతాయి అని మొత్తుకున్నాను. "ఉన్నాయని మీరే చెప్పారు కదండీ, అందరూ విన్నారు" అన్నారు. సాక్ష్యానికి నా శిష్యుడున్నాడు. వాడి దగ్గర వీడియో కూడా ఉందట. టైమింగు తప్పు అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు, అనధికార మార్పు అని రాయడానికి ఉంది. గడి ఉన్నచోటే నిజం కూడా ఉండాలని ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడి నమ్మకం కాబోలు.

బండిని నడిపించుకుంటూ వస్తుంటే మావయ్య దారిలో, "దానికి అప్పుడప్పుడూ ఆ అలవాటుందిరా, చెరువులో రెండు మూడుసార్లు నన్నూ వెనక్కి తీసుకెళ్ళింది" అన్నాడు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "నువ్వు సైన్సు మాస్టారివి, నీకు తెలియదా" అన్నాడు.

సాయంత్రం మెకానిక్కు ఫారం చూపించాను. టైమింగును చెవితో విని పెట్టిన ఘనుడు ఆయనే. కళ్ళజోడు పెట్టుకుని అంతా నిదానంగా చదివి, "నాలుగూ తీసేస్తే ఇక ముందుకు దేనితో వెళతారు మాస్టారూ?" అన్నాడు. తీయనక్కరలేదు, తీసినట్టు రసీదు ఇస్తే చాలని చెప్పాను. గేరుకు రెండు వందల చొప్పున రసీదు రాసిచ్చాడు. తీసిన గేర్లు చూపించమంటే ఏం చేయాలని నాకు అప్పుడు సందేహం వచ్చి అడిగాను. ఆయన షెడ్డు వెనుక ఉన్న పాత ఆటో దగ్గరికి వెళ్ళి, దాని డబ్బా విప్పి, నల్లగా గ్రీజు పట్టిన పళ్ళచక్రం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఆటోకి రివర్స్ ఒక్కటే ఉంటుంది మాస్టారూ, మిగతా మూడూ ఎక్కడి నుంచి తెమ్మంటారు?"