గంటలో 1,121 బేరాలు

ఆటలో డబ్బు పోయిందని చెబితే ఎవరైనా ముందు అడిగేది "అసలు డబ్బా, ఉత్తుత్తి డబ్బా?" అని. ఉత్తుత్తిదే. కానీ ఆ ఉత్తుత్తి డబ్బు కోసం నేను ఏడు వారాల పాటు చెరుకు నరికాను, నరకడం మాత్రం ఉత్తుత్తిది కాదు, కావాలంటే నా కుడిచేతి మణికట్టుని అడగండి.

ఆట మైన్‌క్రాఫ్ట్, నేల నుంచి చెట్ల దాకా అన్నీ బ్లాకులతోనే ఉండే కంప్యూటర్ ఆట. మా అమ్మాయి తను నలుగురితో కలిసి ఆడే సర్వర్‌లోకి నన్నూ లాగింది. మామూలు మైన్‌క్రాఫ్ట్‌లో డబ్బంటే ఎమరాల్డులు. బాణాలు చేసే గ్రామస్థుడికి 32 పుల్లలు ఇస్తే ఒక ఎమరాల్డ్ చేతిలో పెడతాడు, ఒక్క దుంగ నుంచి ఎనిమిది పుల్లలొస్తాయి, అంటే నాలుగు దుంగలకి ఒక పచ్చరాయి. ఇంత అమాయకుడైన వ్యాపారిని నేను జన్మలో చూడలేదు (అప్పటికి నా కొట్టు తెరవలేదు లెండి). మా సర్వర్‌లో ఇది కాక కాయిన్లని విడిగా ఉన్నాయి. పంట అమ్మితే సర్వరే కాయిన్లిస్తుంది, ఆటగాళ్ళు ఒకరికొకరు అమ్ముకోవచ్చు, వేలం ఉంది, వేలంలో అమ్మితే కోసుకునే పన్ను కూడా ఉంది, ఆఖరికి ఎవరి దగ్గర ఎంతుందో చూపించే ధనవంతుల జాబితా కూడా ఉంది. అందులో నేను 41వ స్థానం దాకా వచ్చాను. ఎలా వచ్చానో, ఎలా వెళ్ళానో చెబుతాను.

నాకు ఎలిట్రా కావాలి. అంటే రెక్కలు. న్యాయంగా సంపాదించాలంటే డ్రాగన్ ఉండే లోకానికి వెళ్ళి, దాన్ని చంపి, ఆ తర్వాత ఇంకా అవతల ఉన్న దీవుల్లో గాల్లో తేలే ఓడ ఒకటి వెతుక్కోవాలి. సాలెపురుగు ఎదురొస్తే కుర్చీతో సహా వెనక్కి జరిగే మనిషిని నేను. కాబట్టి కొనుక్కోవడమే. వేలంలో ధర 1,50,000 కాయిన్లు. చెరుకు గడకి సర్వర్ ఇచ్చేది 2.

చెరుకు సంగతి తెలియనివాళ్ళకి: పక్కన నీళ్ళుండాలి, మూడు బ్లాకుల ఎత్తు పెరుగుతుంది, అడుగు బ్లాకు వదిలేసి పై రెండూ నరుక్కోవాలి. ఒక్కో బ్లాకు పెరగడానికి సగటున 18 నిమిషాలు. అసలు తిరకాసేంటంటే మనం దగ్గర్లో లేకపోతే అది పెరగదు. పోనీ పొలంలో మన ఆట బొమ్మని నిలబెట్టి మన పని మనం చూసుకుందామంటే, కాసేపు కదలకపోతే సర్వర్ బయటికి తోసేస్తుంది. అందుకని ఆఫీసు వీడియో మీటింగుల్లో ఒక చేత్తో నోట్స్ రాసుకుంటూ రెండో చేత్తో మౌస్ కదుపుతూ ఉండేవాణ్ణి. ఈ మధ్య నేను మీటింగుల్లో చాలా చురుగ్గా కనిపిస్తున్నానని మా మేనేజర్ మెచ్చుకున్నారు కూడా. ఆరు వందల మొక్కలు, రోజుకో కోత, కోతకి పన్నెండు వందల గడలు, 2,400 కాయిన్లు. అలా అలా 1,12,140 అయింది.

ఇక్కడ ఆగి ఇంకో పదహారు రోజులు చెరుకు నరికి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

కానీ నాలో వ్యాపారి నిద్రలేచాడు. రెక్కలుంటే చాలదు, ఎగరాలంటే రాకెట్లు కావాలి, ఒక కాగితం ఒక గన్‌పౌడర్ కలిపితే మూడు రాకెట్లు. కాగితం చెరుకుతో అయిపోతుంది, గన్‌పౌడర్‌కే ఎప్పుడూ కరువు, ఎందుకంటే అది క్రీపర్లని చంపితే వస్తుంది, క్రీపర్ మన పక్కకొచ్చి పేలిపోయే రకం. పిల్లలు భయం లేకుండా వాటిని చంపి తెస్తారు, పెద్దలు భయంతో కొంటారు, మధ్యలో నేను కూర్చుంటాను. 64 గన్‌పౌడర్‌ని 400కి కొని 600కి అమ్మితే చాలు, క్రీపర్ మొహం చూడకుండా 200 లాభం.

కొట్టు పెట్టడం చాలా తేలిక. ఒక పెట్టె, దాని మీద ఒక బోర్డు. బోర్డు మీద పేరు, ఎన్ని, ఏ వస్తువు, ధరలు. ధరల దగ్గర బి అని రాసి ఒక అంకె, ఎస్ అని రాసి ఒక అంకె. బి అంటే బయ్, ఎస్ అంటే సెల్. ఇందులో అర్థం కాకపోవడానికి ఏముంది? నేను కొనేది 400, నేను అమ్మేది 600. బి 400, ఎస్ 600. రాసేశాను. పది స్టాకుల సరుకు (స్టాకంటే 64 గన్‌పౌడర్) పెట్టెలో వేశాను, రెండు దీపాలు పెట్టాను, రెండడుగులు వెనక్కి వేసి కాసేపు చూసుకున్నాను, వెళ్ళి చెరుకు నరుక్కుంటున్నాను.

ఐదు నిమిషాలకి బోణీ. చాట్‌లో మెసేజ్ వచ్చింది, ఎవరో 64 గన్‌పౌడర్ 400కి కొన్నారని. ఆ 400 దగ్గరే నాకు అనుమానం రావాలి. రాలేదు, ఎందుకంటే ఆ వెంటనే ఇంకోటి వచ్చింది, 64 గన్‌పౌడర్ 600కి అమ్మారని. తర్వాత మళ్ళీ కొన్నారు. మళ్ళీ అమ్మారు. కొన్నారు, అమ్మారు, కొన్నారు, అమ్మారు. చాట్ జలపాతంలా పారుతోంది, నేను అంకెలు చదవడం మానేసి ఆ పారడాన్నే చూస్తున్నాను. ఇన్నాళ్ళూ ఈ సర్వర్‌లో గన్‌పౌడర్ కోసం జనం ఎంత అల్లాడారో పాపం అనిపించింది. అన్ని మెసేజ్‌లలోనూ ఒకటే పేరు ఉందని గమనించాను గానీ, తెలుసా, దాన్ని కూడా మంచిగానే తీసుకున్నాను. నమ్మకమైన ఖాతాదారు దొరికాడు అనుకున్నాను. పేరు చివర 2013 ఉంది. అది పుట్టిన సంవత్సరమని తర్వాత తెలిసింది.

రాత్రి భోజనాల దగ్గర గొప్పగా చెప్పాను, గంటలో 1,121 బేరాలు అని. మా అమ్మాయి తినడం ఆపింది.

"ఎంత వచ్చింది నాన్నా?"

"చూడలేదమ్మా, బేరాలు ఆగితే కదా చూడటానికి."

"బోర్డు మీద ఏం రాశావు?"

చెప్పాను. అది నవ్వలేదు. నవ్వినా బావుండేది. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది, పదకొండేళ్ళ పిల్ల, డాక్టరు బయటికొచ్చి చెప్పినట్టు మెల్లగా చెప్పింది. "నాన్నా, బి అంటే నువ్వు కొనడం కాదు. వాళ్ళు కొనడం. ఎస్ అంటే వాళ్ళు నీకు అమ్మడం."

అంటే ఆ 2013 బాబు నా పెట్టె ముందు నిలబడి, కుడి క్లిక్‌తో 400కి నా దగ్గర కొని, ఎడమ క్లిక్‌తో అదే సరుకు నాకే 600కి అమ్మి, మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ, అడుగు కదలకుండా 560 చుట్లు తిప్పాడు. చుట్టుకి 200 చొప్పున 1,12,000. ఏడు వారాల చెరుకు, పిల్లాడికి ఒక గంట పని, అందులోనూ మధ్యలో నీళ్ళు తాగడానికి లేచి ఉంటాడు.

అన్నిటికంటే నన్ను కాల్చింది వేరే. నా ఉద్యోగమే లెక్కలు రాయడం. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో క్రెడిట్ అని ఉంటే అది బ్యాంకు పుస్తకాల వైపు నుంచి రాసింది, మన పుస్తకాల్లో తిరగేసి రాసుకోవాలి అని, కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ మొదటి రోజే చెప్పేది నేను. ఎవరి వైపు నుంచి చూస్తున్నారో ముందు తేల్చుకోండి అని ఎంత ఠీవిగా చెబుతానో.

సర్వర్‌ని నడిపే అడ్మిన్‌కి పెద్ద ఉత్తరం రాశాను. ఆయన చాలా మర్యాదగా జవాబిచ్చారు, అదే బాధ. మోసం ఏమీ జరగలేదట, బోర్డు నేనే రాశాను, అతను బోర్డు ప్రకారమే కొన్నాడు, బోర్డు ప్రకారమే అమ్మాడు. పైగా ఓదార్పుగా ఇంకో మాట: కొత్త కాయిన్లేవీ పుట్టలేదు, ఒకరి నుంచి ఒకరికి మారాయంతే, కాబట్టి సర్వర్ ఆర్థిక వ్యవస్థకి ఏ నష్టమూ లేదు, ధరలు పెరుగుతాయని కంగారుపడొద్దు. నేను కంగారుపడింది ధరల గురించేనని ఆయనకి ఎందుకనిపించిందో. 2007లో ఈవ్ ఆన్‌లైన్ అనే ఆట వాళ్ళు లోపలి మార్కెట్‌ని గమనించడానికి ఒక ఆర్థికశాస్త్రవేత్తని ఉద్యోగంలోకే తీసుకున్నారు. ఇప్పుడు అర్థమైంది ఆయన జీతం దేనికో, నాలాంటివాళ్ళకి ఇలాంటి ఉత్తరాలు రాయడానికి అయ్యుంటుంది.

మా అమ్మాయి నా చేత బోర్డు తిరగరాయించింది, బి 600, ఎస్ 400. రెండుసార్లు పైకి చదివించింది కూడా. అప్పుడు నా ఖాతా చూశాను. 140 ఉండాలి, 540 ఉంది. నాలుగు వందలు ఎక్కువ ఎలా వచ్చాయా అని బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే పొద్దున్నే చాట్‌లో పిలుపు.

"అంకుల్, ఉన్నారా? నిన్న లాస్ట్‌లో 400 పెట్టి 64 కొన్నాను, అమ్ముదామంటే మీ దగ్గర 600 లేవు. డబ్బులు వేశారా?"

తల పైకెత్తి చూశాను. నా పొలం మీద చక్కర్లు కొడుతున్నాడు. రెక్కలతో. వేలంలో నేను రోజూ చూసుకునే రెక్కలు, నా 1,12,000కి తన దగ్గరున్నదేదో కలిపి కొన్నాడన్నమాట. చెరుకు తొక్కకుండా జాగ్రత్తగా దిగాడు, పెట్టె దగ్గరికి వెళ్ళాడు, బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"రేటు తగ్గించేశారేంటి అంకుల్?"

"నిన్నటిది పొరపాటు బాబూ."

"400కి కొని 400కి అమ్మితే నాకేం మిగులుతుంది? రెగ్యులర్ కస్టమర్ని కదా, ఒక 450 చేయండి."

చేయలేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా నిలబడ్డాను. పెద్ద మనసు చేసుకుంటున్నట్టు 400కే అమ్మి, రాకెట్ కాల్చుకుని ఎగిరిపోయాడు. నా దగ్గర 140 మిగిలింది, 70 చెరుకు గడల డబ్బు. పది గంటలకి మీటింగ్ ఉంది. మౌస్ పట్టుకున్నాను.