‘నెక్స్ట్’ నొక్కేది ఎవరు?

తీవ్రమైన ఎదుగుదల వైకల్యం ఉన్నవారి ముందుకు టాబ్లెట్ వచ్చింది. చేతులు కడుక్కోవడాన్ని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో అడుగుకీ ఒక్కో వీడియో చూపిస్తున్నారు. బాగానే ఉంది. కానీ ముక్క అయిపోగానే ‘నెక్స్ట్’ నొక్కేది పక్కనున్న టీచరే అయితే దాన్ని స్వావలంబన అని ఎలా రాసుకుంటారు?

సాయం చేసేవారు గదిలోంచి వెళ్లిపోయినా పని సాగాలి. అందుకు ముందు దొరకాల్సింది, ఆ వ్యక్తి తన ఇష్టంతో, అలసిపోకుండా పదేపదే చేయగలిగే కదలిక ఒకటి. ఇటలీకి చెందిన జూలియో లాన్సియోనీ బృందం కనురెప్ప, గడ్డం కదలికలతో కూడా మైక్రోస్విచ్‌లు (చిన్న కదలికకే స్పందించి పరికరాన్ని నడిపే స్విచ్‌లు) పనిచేయించింది. తల తిప్పినప్పుడల్లా చెయ్యి దానంతటదే చాచుకునే రిఫ్లెక్స్ ఉన్నవారికి మాత్రం ఆ చేతి కింద స్విచ్ పెట్టకూడదు. నొక్కింది మనసుపడో, రిఫ్లెక్స్ వల్లో తేలదు.

మిక్సీని స్విచ్‌తో నడిపే కంట్రోల్ బాక్సు సంగతీ అంతే. నొక్కి ఉంచినంతసేపే నడిచే పద్ధతిని నొక్కి పట్టుకోలేని మనిషికి ఇచ్చి, ‘ఆసక్తి లేదు’ అని రిజిస్టర్లో రాసేస్తారు. ఒక్క నొక్కుకు 8 లేదా 10 సెకన్లు నడిచి ఆగేలా పెట్టి చూడాలి. చెయ్యి వణికేవారికి ఒక నొక్కు రెండుగా నమోదై వీడియోలో ఒక అడుగు ఎగిరిపోతుంది. మొదటి నొక్కు తర్వాత సెకను పాటు మరో నొక్కును పట్టించుకోని సెట్టింగ్ పెడితే సరిపోతుంది. ఇక స్విచ్ బల్ల మీద జారిపోవడం, మధ్యలో తెర లాక్ అయిపోవడం (ఎవరూ రిపోర్టులో రాయరు గానీ, రోజూ పని చెడగొట్టేవి ఇవే).

మనిషి మీద ఆధారపడటం పోయి యంత్రం మీద ఆధారపడటం వచ్చిందిగా అంటారు కొందరు. నిజమే. అయితే యంత్రం ఇచ్చే సూచనను తగ్గించుకుంటూ పోవచ్చు: రెండు వీడియో ముక్కల్ని ఒకటి చేయొచ్చు, ఆపైన ఒకటి తీసేయొచ్చు. పక్కనున్న టీచర్ సూచనను అలా తగ్గించడం కష్టం: నోరు మూసుకున్నా ఆయన చూపు తర్వాతి వస్తువు మీద పడుతుంది. అదీ సూచనే.

అసలు పేచీ ఇంకోటుంది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక, మూడో అధికరణంలో, సొంత ఎంపికలు చేసుకునే స్వేచ్ఛను మొదటి సూత్రంలోనే చెప్పింది. శిక్షణ పట్టికల్లో ఉండేవి మాత్రం తువ్వాళ్లు మడతపెట్టడం, పళ్లేలు సర్దడం. ఈ పనులు కావాలన్నది ఎవరు? మధ్యలో మానేసినవారికి ‘విఫలం’ అని పడుతుంది. ప్రతి పరికరానికీ ‘ఆపు’ అని చెప్పే రెండో స్విచ్ ఉండాలి, అది నొక్కడాన్ని కూడా స్వతంత్రంగా చేసిన పనిగానే లెక్కించాలి. ‘ఆపు’ను అలా లెక్కించే గడి లేని పట్టికకు నిధులు ఇవ్వకూడదు.