నాలుగు నిమిషాల పరుగు, 48 గంటల కొవ్వు: ఆ మెసేజ్ ఇక పంపకండి

ఈ మధ్య ఏ గ్రూపు తెరిచినా అదే మెసేజ్. కాలేజీ స్నేహితుల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, చివరికి సింహాచలం గిరి ప్రదక్షిణకు వెళ్లేవాళ్ల గ్రూపులో కూడా. చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది ఇది: ‘‘బీచ్ రోడ్డులో గంటసేపు నడవడం దండగ. నాలుగు నిమిషాలు ఒంట్లో శక్తంతా పెట్టి పరిగెత్తండి. ఆ తర్వాత 48 గంటలు నిద్రలో కూడా కొవ్వు కరుగుతుంది, వెయ్యి కేలరీలు అదనం. చెమట ఎంత కారితే కొవ్వు అంత కరిగినట్టు. ఆయాసం వచ్చినా ఆపొద్దు, అది పనిచేస్తున్న గుర్తు. బీపీ, సుగర్ ఉన్నవాళ్లకూ ఇదే మందు. జపాన్ శాస్త్రవేత్తలు నిరూపించారు.’’

చెమట సంగతి ముందు తేల్చేద్దాం. మే నెలలో మన విశాఖలో బస్టాపులో ఊరికే నిలబడినా చొక్కా తడిసిపోతుంది. అలా పోయేది నీళ్లు, ఉప్పు. రెండు గ్లాసుల మజ్జిగ తాగితే ఆ బరువు తిరిగొచ్చేస్తుంది.

జపాన్ పరిశోధన నిజమే. 1996లో ఇజుమి టబాటా బృందం చేసింది. 20 సెకన్లు శక్తికొద్దీ సైకిల్ తొక్కడం, 10 సెకన్లు ఆగడం, మళ్లీ తొక్కడం, ఇలా ఏడెనిమిది సార్లు. చేసినవాళ్లు వ్యాయామం అలవాటున్న కుర్రాళ్లు. ఆరు వారాల తర్వాత వాళ్ల శరీరం ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం బాగా పెరిగింది. అందులో తేలింది అదీ. కొవ్వు ఎంత కరిగిందన్నది ఆ పరిశోధన విషయమే కాదు. 48 గంటల మాట అందులో ఎక్కడా లేదు.

మరి ఆ 48 ఎక్కడిది? దానికి దగ్గరగా కనిపించేది 2002లో వచ్చిన ఒక పరిశోధన. ఏడుగురు మగవాళ్లు అరగంట పాటు బరువులు ఎత్తారు. 38 గంటల తర్వాత కూడా వాళ్లు మామూలు కంటే ఎక్కువ ఆక్సిజన్ వాడుతున్నట్టు తేలింది. ఏడుగురే, పైగా ఎత్తింది పెద్ద బరువులు. మెసేజ్‌లోకి వచ్చేసరికి అరగంట నాలుగు నిమిషాలైంది, 38 కాస్తా 48 అయింది, బరువులు పరుగైపోయాయి.

ఇక వెయ్యి కేలరీలు. ఒక లీటరు ఆక్సిజన్ వాడితే ఖర్చయ్యేది దాదాపు 5 కేలరీలు. వెయ్యి కేలరీలంటే 200 లీటర్లు అదనంగా వాడాలి. 70 కిలోల మనిషి ఏ పనీ చేయకుండా రెండు రోజుల్లో వాడేది సుమారు 700 లీటర్లు. అంటే నిద్రలో సహా ప్రతి నిమిషం పావు వంతుకు పైగా ఎక్కువ వాడుతూ ఉండాలి. ఒంట్లో ఒక డిగ్రీ సెల్సియస్ జ్వరం పెరిగితే శరీరం ఖర్చు 10 నుంచి 13 శాతం పెరుగుతుందంటారు. ఈ మెసేజ్ ప్రకారం నాలుగు నిమిషాలు పరిగెత్తినవాడు రెండు రోజులు రెండు డిగ్రీల జ్వరంతో ఉన్నవాడిలా మండిపోతూ ఉండాలి. ఎవరైనా ఉన్నారా అలా? ఫార్వర్డ్ చేసేముందు ఒక్కరైనా ఆలోచించారా?

వ్యాయామం ఆపాక ఖర్చు కాసేపు పెరిగే మాట వాస్తవం. కండరాల్లో అయిపోయిన నిల్వలు నింపుకోవాలి, గట్టి శ్రమలో కండరాల్లో పోగయ్యే లాక్టేట్ అనే పదార్థాన్ని సర్దుకోవాలి, పెరిగిన వేడి తగ్గాలి, గుండె, ఊపిరి నెమ్మదించాలి. దీన్నే జిమ్ ట్రైనర్లు ఆఫ్టర్‌బర్న్ అంటారు. 2006లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం ఇది వ్యాయామంలో అయిన ఖర్చులో 6 నుంచి 15 శాతం. మెసేజ్ రాసినాయన మీద దయతలచి, పరుగులో ఎంత ఖర్చయిందో తర్వాత కూడా అంతే అయిందనుకుందాం. నిమిషానికి 15 చొప్పున నాలుగు నిమిషాలకు 60, తర్వాత ఇంకో 60. మొత్తం 120. అదే 70 కిలోల మనిషి ముప్పావుగంట చురుగ్గా నడిస్తే, ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చు తీసేశాక కూడా 150 దాకా వస్తాయి. దండగ ఏది?

అయితే ఆ మెసేజ్‌లో ఒక మాట ఒప్పుకోవాలి. నడక తర్వాత ఆఫ్టర్‌బర్న్ దాదాపు ఉండదు. తీవ్రత పెరిగేకొద్దీ అది పెరుగుతుంది, అదీ తీవ్రత కంటే వేగంగా పెరుగుతుంది. 2011లో పదిమంది యువకులతో 45 నిమిషాలు గట్టిగా సైకిల్ తొక్కించి, ప్రత్యేకమైన గదిలో ఉంచి కొలిచారు. తొక్కేటప్పుడు 519 కేలరీలు, ఆ తర్వాత 14 గంటల్లో అదనంగా 190. ఇది చిన్న లెక్క కాదు. కాకపోతే దానికి 45 నిమిషాలు పట్టింది.

ఇవన్నీ ఎలా ఉన్నా, నన్ను కూర్చోబెట్టి ఇది రాయించింది ఆఖరి రెండు ముక్కలు. ఆయాసం వచ్చినా ఆపొద్దట. బీపీ, సుగర్‌కి ఇదే మందట. మొన్న కాళీమాత గుడి దగ్గర ఒక పెద్దాయన రెండు దీపస్తంభాల మధ్య ఫోన్లో టైమర్ పెట్టుకుని పరుగు తీస్తున్నాడు. కాసేపటికి గోడ పట్టుకుని వంగిపోయాడు. మొహం పాలిపోయింది, మాట రావట్లేదు. కూర్చోండి బాబాయ్ గారూ అంటే చేత్తో వద్దని సైగ చేసి, టైమర్ వైపు చూపించాడు!

1993లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో గుండెపోటు వచ్చినవాళ్లను అడిగి లెక్కగట్టారు. వారంలో ఒక్కసారి కూడా వ్యాయామం చేయనివాళ్లు ఉన్నట్టుండి తీవ్రంగా శ్రమపడితే, ఆ గంటలో గుండెపోటు ముప్పు మామూలు కంటే దాదాపు 107 రెట్లు. వారానికి ఐదు రోజులో ఆపైనో చేసేవాళ్లకు 2.4 రెట్లు. ఏ ఒక్క గంటకైనా అసలు ముప్పు చిన్నదే, నిజమే. కానీ ఈ మెసేజ్ వెళ్లేది ఎవరికి? రిటైరై, మోకాళ్లు నొప్పులై, ఇప్పుడిప్పుడే నడక మొదలుపెట్టినవాళ్లకి.

సుగర్ ఉన్నవాళ్ల సంగతి మరీ ఘోరం. వాళ్లలో కొందరికి గుండెకు రక్తం అందకపోయినా ఛాతీ నొప్పి తెలియదు. ఆయాసం ఒక్కటే కనిపించే గుర్తు కావచ్చు. సరిగ్గా దాన్నే పట్టించుకోవద్దని చెబుతున్నారు! పైగా గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు గట్టి వ్యాయామం తర్వాత కొన్ని గంటలకు, ఒక్కోసారి అర్ధరాత్రి, సుగర్ పడిపోవచ్చు. మెటోప్రొలాల్ లాంటి బీపీ మాత్ర వేసుకునేవాళ్లకు గుండె వేగం పెద్దగా పెరగదు. చేతి వాచీ చూసి ఇంకా చాల్లేదనుకుని ఇంకా పరిగెడతారు.

గుండె జబ్బు ఉన్నవాళ్లతో కూడా ఇలాంటి విడతల వ్యాయామం చేయిస్తారు, మంచి ఫలితాలూ ఉన్నాయి. కానీ అక్కడ పరీక్షలు చేసి, పక్కన మనిషిని పెట్టి చేయిస్తారు.

మా పిన్నికి సుగర్. ఆ మెసేజ్ చూసి, ‘‘ఏరా, ఇంక వాకింగ్ మానేసి కైలాసగిరి మెట్లెక్కమంటావా?’’ అని అడిగింది. వద్దు పిన్నీ అన్నాను. నడక మానకు. డాక్టర్ సరేనంటే ఆ నడకలోనే ఒక నిమిషం వేగం పెంచు, రెండు నిమిషాలు తగ్గించు. పక్కనున్నవాళ్లతో ఒక చిన్న వాక్యం మాట్లాడగలిగేంత వేగం చాలు. జేబులో చక్కెర పొట్లం పెట్టుకో. ఛాతీ పట్టేసినా, దవడో చెయ్యో లాగినా, ఎప్పుడూ లేనంత ఆయాసం వచ్చినా అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయించు, ఇంటిదాకా నడిచి రాకు.