రెండో ఓఎస్ వేస్తే సిస్టమ్ పోదప్పా!

నాలుగు రోజులుగా తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. మా వీధి గ్రూపులో వచ్చింది, టెన్త్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, ఆఖరికి మా బామ్మర్ది వాళ్ల అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకర్ కోసం పెట్టుకున్న గ్రూపులో కూడా వచ్చింది. "పిల్లలు అడిగారని ఇంట్లో కంప్యూటర్‌లో విండోస్ పక్కన లినక్స్ వేయించకండి" అని మొదలవుతుంది. లినక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపించే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, అంటే ఓఎస్. కారణాలు ఆరు: స్పీడు సగమైపోతుంది, డిస్క్ తొందరగా అరిగిపోతుంది, టైమ్ తప్పు చూపిస్తుంది అంటే మదర్‌బోర్డు దెబ్బతిన్నట్టే, సెక్యూర్ బూట్ ఆపాలి కాబట్టి వైరస్‌లు వస్తాయి, వారంటీ పోతుంది, విండోస్ అప్‌డేట్ వచ్చిన రోజు డేటా మొత్తం గల్లంతు. చివర మామూలే, పదిమందికీ పంపండి.

ఎప్పటిలాగే చూసి వదిలేసేవాణ్ని. కానీ కొర్లగుంటలో మా ఎదురింటి పిల్లోడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, ల్యాబ్ పనికి లినక్స్ కావాలంటే ఆదివారం వచ్చి వేస్తానని మాటిచ్చాను. రాత్రి వాళ్ల నాన్న ఇదే మెసేజ్ నాకు పంపి, "వద్దులే అన్నా, నలభై వేలు పెట్టి కొన్నాం, మనకెందుకొచ్చిన టెన్షన్" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టను, డబ్బు పెట్టినోడికి భయం ఉంటుంది. కాకపోతే ఆ భయం పెట్టుకోవాల్సిన చోట పెట్టుకోవాలి కదా, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

స్పీడు సంగతి ముందు చూద్దాం. కొండకు నడిచిపోవడానికి మనకు రెండు దారులున్నాయి, అలిపిరి దగ్గర 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దగ్గర 2,388. అలిపిరి దారి ఉందని శ్రీవారి మెట్టులో ఒక్క మెట్టు కూడా పెరగలేదు, ఎక్కేవాడు ఏదో ఒక దారినే ఎక్కుతాడు. డ్యూయల్ బూట్, అంటే ఒకే కంప్యూటర్‌లో రెండు ఓఎస్‌లు పెట్టుకోవడం, కూడా అంతే. సిస్టమ్ ఆన్ చేయగానే ఒక మెనూ వస్తుంది, విండోసా లినక్సా అని అడుగుతుంది, మీరు ఒకటి ఎంచుకున్నాక రెండోది డిస్క్ మీద కదలకుండా పడి ఉన్న ఫైళ్ల కుప్ప మాత్రమే. అది ర్యామ్ తినదు, ప్రాసెసర్‌ను ముట్టుకోదు. ఆ మెనూ దగ్గర కొన్ని సెకన్లు ఆగుతుంది చూడండి, నష్టం అంతే.

ఈ మెసేజ్ రాసినాయన వర్చువల్ మెషిన్‌తో కలిపేసుకున్నాడేమో అని నా అనుమానం. విండోస్ నడుస్తుండగానే దాని లోపల ఒక కిటికీలో లినక్స్ నడిపిస్తే అప్పుడు రెండూ ఒకే ర్యామ్‌ను పంచుకోవాలి, 8 జీబీ ఉన్న ల్యాప్‌టాప్ నిజంగానే ఉక్కిరిబిక్కిరవుతుంది. అది వేరే పద్ధతి. డ్యూయల్ బూట్‌లో స్పీడు తగ్గిందంటే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే, 256 జీబీ డిస్క్‌లో నూరు జీబీ లినక్స్‌కు కోసిచ్చి, విండోస్‌కు ఊపిరాడని చోటు మిగల్చడం. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటుకు 25 జీబీ ఉంటే కూర్చుంటుంది, నేనైతే 60 ఇస్తాను.

డిస్క్ అరుగుదల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. 500 జీబీ ఎస్ఎస్‌డీ మోడళ్లలో చాలావాటికి 300 టీబీ దాకా రాసుకోవచ్చని కంపెనీలే హామీ ఇస్తాయి. ఉబుంటు ఒకసారి వేస్తే రాసేది మహా అయితే పది పదిహేను జీబీ. లెక్కేసుకోండి, రోజుకొకసారి పొద్దున్నే లేచి కొత్తగా వేసినా యాభై ఏళ్లు దాటుతుంది. పార్టిషన్ చేస్తే, అంటే డిస్క్‌ను భాగాలుగా విడదీస్తే, అది బలహీనపడుతుందనేది ఇంకో మాట. ప్లాటులో హద్దు రాయి జరిపితే నేల అరుగుతుందా?

టైమ్ తప్పు చూపిస్తుందన్న మాట మాత్రం అబద్ధం కాదు, నిజంగానే చూపిస్తుంది. కానీ దానికి మదర్‌బోర్డు దెబ్బతినడానికి సంబంధం అంటగట్టాడే, అక్కడ నాకు నవ్వొచ్చింది. మదర్‌బోర్డు మీద ఒక చిన్న గడియారం ఉంటుంది, కరెంటు లేకపోయినా బిళ్ల బ్యాటరీతో నడుస్తుంది. విండోస్ ఆ గడియారంలో ఉన్నది మన ఊరి టైమే అనుకుంటుంది, విండోస్‌కు ముందటి డాస్ రోజుల నుంచి వస్తున్న అలవాటది. లినక్స్ ఏమో అందులో ఉన్నది యూటీసీ, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే టైమ్, అనుకుని, దానికి ఐదున్నర గంటలు కలిపి మనకు చూపిస్తుంది. కాబట్టి లినక్స్ వాడి ఆపేసి, ఉదయం తొమ్మిదికి విండోస్ తెరిస్తే అది మూడున్నర అంటుంది. మనూళ్లో సుప్రభాతం వినిపించే వేళ! చూసినోడు హడలిపోయి షాపుకు పట్టుకుపోతాడు, బ్యాటరీ మార్చి డబ్బులు తీసుకుంటారు, మళ్లీ లినక్స్‌లోకి వెళ్లొస్తే మళ్లీ మూడున్నరే.

గుర్తు పట్టడం తేలిక. తేడా సరిగ్గా ఐదున్నర గంటలే ఉంటే అది రెండు ఓఎస్‌ల మధ్య లెక్క కుదరకపోవడం. బ్యాటరీ నిజంగా పోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది, ఆన్ చేయగానే ఓఎస్ కంటే ముందు నడిచే బయోస్‌లో పెట్టుకున్న సెట్టింగులు కూడా చెరిగిపోతుంటాయి. మొదటిదానికి మందు ఏంటంటే, గడియారంలో ఊరి టైమే పెట్టుకోమని లినక్స్‌కు టెర్మినల్‌లో ఒక్క లైను కొట్టి చెప్పడం, లేకపోతే యూటీసీగా చదువుకోమని విండోస్ రిజిస్ట్రీలో చెప్పడం. రెంటిలో ఒకటే చేయండి. రెండూ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది, ఇది నేను చేసి చూసిన ఘనకార్యమే.

వైరస్‌ల మాటకొద్దాం. సెక్యూర్ బూట్ అంటే కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌నే మొదలుపెట్టనిచ్చే కాపలా. విండోస్ 8తో, 2012లో ఇది ఇళ్లలోకి వచ్చింది. ఆ మొదటి రోజుల్లో లినక్స్ వేయాలంటే చాలాచోట్ల దాన్ని ఆపాల్సి వచ్చేది, ఆ కాలం సలహా ఇప్పటికీ ఊరు తిరుగుతోంది. ఇవాళ ఉబుంటు, ఫెడోరా, డెబియన్ అనే ఈ లినక్స్ రకాలన్నిటికీ మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన షిమ్ అనే చిన్న ముక్క ఉంటుంది, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే ఎక్కుతాయి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్లకు మాత్రం డ్రైవర్ వేశాక, రీస్టార్ట్‌లో ఒక నీలం స్క్రీన్ వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీరు పెట్టుకున్నదే అక్కడ కొట్టాలి. దాన్ని చూసి వైరస్ అనుకుని ప్లగ్ పీకేసినవాళ్లు నాకు తెలుసు.

అసలు భద్రత గురించి మాట్లాడాలంటే ఇంకో సంగతి ఉంది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ ఇంటెల్ అయితే ఎనిమిదో తరమో ఆపైదో కావాలి, మన ఇళ్లలో ఉన్న డెస్క్‌టాప్‌లు చాలావాటికి ఆ భాగ్యం లేదు. అలాంటి సిస్టమ్‌లో బ్యాంకు పని చేసుకోవడానికి అప్‌డేట్లు సరిగ్గా వచ్చే లినక్సే మేలు. ఈ ఫార్వర్డ్ దానికి సరిగ్గా తిరగేసి చెబుతోంది.

వారంటీ. ఉబుంటు వేసి ల్యాప్‌టాప్‌లు అమ్మిన కంపెనీల్లో డెల్, లెనోవో కూడా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన స్క్రీన్‌కో కీబోర్డ్‌కో ఇచ్చిన వారంటీ మామూలుగా ఎక్కడికీ పోదు, అనుమానం ఉంటే మీ వారంటీ కార్డు ఒకసారి చదువుకోండి. సర్వీస్‌కు తీసుకెళ్తే విండోస్‌తోనే తెమ్మని అడిగినా అడుగుతారు, అందుకని కంపెనీ వేసిచ్చిన రికవరీ పార్టిషన్‌ను చెరపకండి. అంతే, పదండి.

ఇక అప్‌డేట్ వస్తే అంతా గల్లంతు అన్నది. ఇందులో ఒక పావు నిజం ఉంది, దాచను. పాత బయోస్ రోజుల్లో డిస్క్ మొదట్లో ఉండే ఎంబీఆర్ అనే 512 బైట్ల ముక్కలోనే బూట్ చేసే కోడ్ ఉండేది, అందులో ఒకరికే చోటు. లినక్స్ అందులో గ్రబ్ అనే తన బూట్ మెనూ పెట్టుకుంటే, తర్వాత విండోస్ మళ్లీ వేసినప్పుడు అది అడగా పెట్టకుండా గ్రబ్ మీద తన కోడ్ రాసేసేది. అప్పుడు పాపం లినక్స్ ఉన్నా దానిలోకి వెళ్లే దారి ఉండేది కాదు. ముందు విండోస్, తర్వాత లినక్స్ అనే వరస అప్పుడు పుట్టిందే, ఇప్పటికీ పాటించడం మంచిదే. పాత బయోస్ స్థానంలో యూఈఎఫ్‌ఐ వచ్చాక బూట్ కోసం ఒక చిన్న ఫ్యాట్32 పార్టిషన్ వేరుగా ఉంటుంది, అందులో మైక్రోసాఫ్ట్‌కు ఒక ఫోల్డర్, ఉబుంటుకు ఒక ఫోల్డర్, ఎవరి గది వారిది. పెద్ద అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి విండోస్ తనను తాను వరసలో ముందుకు జరుపుకుంటుంది, బయోస్‌లోకి వెళ్లి ఉబుంటును మళ్లీ పైన పెడితే సరిపోతుంది.

2024 ఆగస్టులో మాత్రం నిజంగానే పెద్ద గొడవ జరిగింది. ఆ నెల 13న వచ్చిన విండోస్ అప్‌డేట్, భద్రతా లోపాలున్న పాత బూట్‌లోడర్లను (ఓఎస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్‌లను) ఆపడానికి ఒక నిషేధాన్ని సెక్యూర్ బూట్‌లోకి ఎక్కించింది. డ్యూయల్ బూట్ సిస్టమ్‌లకు దీన్ని వేయం అని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది, కానీ కొన్ని సిస్టమ్‌లను అది డ్యూయల్ బూట్ అని గుర్తుపట్టలేకపోయింది. చాలామందికి లినక్స్ ఎంచుకోగానే ఏదో ఘోరం జరిగిపోయిందన్నట్టు ఒక ఇంగ్లిష్ వాక్యం వచ్చి సిస్టమ్ ఆగిపోయేది. సెక్యూర్ బూట్ కాసేపు ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, ఆ నిషేధాన్ని తీసేసి మళ్లీ ఆన్ చేసుకుంటే దారికొచ్చేది. మైక్రోసాఫ్ట్ పూర్తిగా సరిచేసింది 2025 మే నెల అప్‌డేట్లతో, అంటే తొమ్మిది నెలలు! దాన్ని నేను సమర్థించను. కానీ అంత గొడవలోనూ ఆ అప్‌డేట్ ఎవరి ఫైళ్ల జోలికీ పోలేదు. వాకిలి తాళం ఇరుక్కుపోవడం వేరు, ఇల్లు కాలిపోవడం వేరు.

సరే, ఇల్లు కాలే సంగతి కూడా చెప్తా. ఆరు కారణాల్లో అది ఒక్కదానిలోనూ లేదు, నా కోపమంతా దానికే.

చిత్తూరులో మా స్నేహితుడొకడు లినక్స్ వేయించుకుందామని ల్యాప్‌టాప్‌ను ఒక షాపుకిచ్చాడు. అక్కడి కుర్రాడు బయోస్‌లో ఏవో రెండు సెట్టింగులు మార్చాడు. తర్వాత విండోస్ తెరిస్తే నీలం స్క్రీన్, 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ కొట్టమంటుంది. మావాడికి బిట్‌లాకర్ అనే మాటే తెలియదు. తెలియకపోవడం వింతేం కాదు, ఈ కాలం ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, డిస్క్‌కు దానంతటదే తాళం పడుతుంది. కీ ఆ అకౌంట్‌లోనే భద్రంగా ఉంది, ఫోన్‌లో లాగిన్ అయితే ఐదు నిమిషాల్లో దొరికేది. షాపు కుర్రాడు అడగలేదు, ఫార్మాట్ కొట్టేసి రెండు ఓఎస్‌లూ కొత్తగా వేసిచ్చాడు, పైగా నీట్‌గా వేశానన్నా అన్నాడట. కూతురి పుట్టువెంట్రుకలు తీయించినప్పటి ఫోటోలు అందులోనే ఉన్నాయి. ఇప్పుడు మావాడు కూడా లినక్స్ వల్లే పోయాయంటాడు, ఇలాంటి మెసేజ్‌లు పుట్టేది ఇలాగే.

ఇంకో రెండు. ఫాస్ట్ స్టార్టప్ అని విండోస్‌లో ఒకటుంది, షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగకుండా సగం నిద్రపోతుంది, తొందరగా లేవడానికి. ఆ నిద్రలో ఉన్నప్పుడు లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో బలవంతంగా రాస్తే ఫైళ్లు నిజంగానే చెడతాయి, అందుకే లినక్స్ చాలాసార్లు ఆ డ్రైవ్‌ను చదవడానికే తెరిచి రాయనివ్వదు. పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి దాన్ని ఆపేయాలి. రెండోది కరెంటు. పార్టిషన్ కుదించేటప్పుడు మధ్యలో కరెంటు పోతే దేవుడే దిక్కు. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ఆ పని ముట్టుకోకండి, మే నెల మధ్యాహ్నం అసలు వద్దు. డెస్క్‌టాప్ వాళ్లకు నేను చెప్పేదైతే ఇంకా సులువు, రెండో ఎస్ఎస్‌డీ ఒకటి బిగించుకుని, మొదటిదాని కేబుల్ పీకేసి, లినక్స్ వేసి మళ్లీ తగిలించండి. పొరపాటుకు చోటే ఉండదు.

ఇవేవీ పడనివాళ్లకు, నాలుగు ల్యాబ్ కమాండ్లు కొట్టుకుంటే చాలనుకునేవాళ్లకు, విండోస్ లోపలే లినక్స్ టెర్మినల్ ఇచ్చే డబ్ల్యూఎస్ఎల్ ఉంది. పార్టిషన్ జోలికే పోనక్కరలేదు. మా ఎదురింటి పిల్లోణ్ని ఇదీ అడిగాను. వాడికి కెర్నల్ మాడ్యూళ్లు, అంటే ఓఎస్ గుండెకాయకు తగిలించే ముక్కలు, రాసే పని ఉందట, పూర్తి లినక్సే కావాలంటున్నాడు.

కాబట్టి ఎదురింటన్నా, ఈ ఆదివారం ఇడ్లీ తినేసి పదికి వస్తా. ఈలోగా పిల్లోడి ఫోటోలు, రికార్డులు అన్నీ బయటి డిస్క్‌లోకి ఎక్కించమను. వాడి మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి ఆ 48 అంకెలు ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టమను, అదే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేసుకుంటే లాభం లేదు. 16 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఖాళీది నేనే తెస్తాలే.