సవరణ: రాగిపిండి ప్యాకెట్ మీది 'గ్రీన్' ముద్ర

మొన్న మారతహళ్లిలో కొన్న రాగిపిండి ప్యాకెట్ ఫొటో పెట్టి, దాని మీద 'పీజీఎస్-ఇండియా గ్రీన్' ముద్ర (పీజీఎస్ అంటే మన దేశంలోని ఒక సేంద్రియ ధ్రువీకరణ పద్ధతి) ఉంది కాబట్టి పూర్తి సేంద్రియమనీ, అధికారులే పొలం చూసి ఇచ్చారనీ రాశాను. రెండూ తప్పే. పీజీఎస్ నియమావళి తీసి చదివాకే తెలిసింది.

'గ్రీన్' అంటే పొలం ఇంకా సేంద్రియంలోకి మారుతున్న దశలో ఉందని. మార్పు పూర్తయ్యాకే 'ఆర్గానిక్' ముద్ర. ఇక పొలం చూసేది తోటి రైతులే. బృందంలో కనీసం 5 మంది ఉండాలి. ఒకరి పొలానికి మరొకరు వెళ్లి విత్తనాలు, ఎరువులు, పక్క పొలం మందు ఇటు పడకుండా గట్టు దగ్గర ఏం చేశారన్నది, రాసుకున్న లెక్కలు అన్నీ చూస్తారు. ఎగుమతికి మాత్రం ఇది చెల్లదు, దానికి ఎన్‌పీఓపీ (సేంద్రియ ఉత్పత్తుల జాతీయ కార్యక్రమం) కింద బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చే ధ్రువీకరణ కావాలి. ఆ ఖర్చు చిన్న రైతుకు భారం, అందుకే ఈ పద్ధతి మీద నాకు గౌరవం.

నా పోస్టు చూసి కొన్నవాళ్లు ప్యాకెట్ మీద ఏ పదం ఉందో ఒకసారి చూసుకోండి.