టాయిలెట్ చిట్కాల మెసేజ్‌ని నమ్మి ఇల్లు, ప్రాణం పాడు చేసుకోకండి

"ప్లంబర్‌కి డబ్బులు తగలేయకండి, టాయిలెట్ సమస్యలన్నిటికీ ఇంట్లోనే పరిష్కారం" అంటూ ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి క్లుప్తంగా ఇవి. నీళ్లు మెల్లగా దిగుతుంటే యాసిడ్ పోయాలి, దానికీ లొంగకపోతే బ్లీచింగ్ పౌడర్ కూడా వేయాలి. కమోడ్ అడుగున నీళ్లు కారుతుంటే చుట్టూ వైట్ సిమెంట్ పెట్టాలి. దోమలు వస్తుంటే సెప్టిక్ ట్యాంక్ గాలి గొట్టం మూసేయాలి. అప్పుడప్పుడు బెల్లం, ఈస్ట్ కలిపి పోస్తే ట్యాంక్ ఎన్నటికీ నిండదు. ఇవేవీ పనిచేయకపోతే కమోడ్ మార్చేయాలి. ట్యాంక్ నిండితే దీపం దింపి చూసి, ఆరకపోతే మనిషిని దింపి తీయించుకోవచ్చు.

మా అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ పనులు నేను చూస్తుంటాను. మా గ్రూపులోకీ ఈ మెసేజ్ వచ్చింది, కొందరు దండాలు కూడా పెట్టారు. ఇందులో రెండు సలహాలు ప్రాణాలు తీసేవి. అందుకే ఒక్కొక్కదానికీ జవాబు రాస్తున్నాను.

యాసిడ్ సంగతి. సీసాల్లో అమ్మే బాత్రూం యాసిడ్‌లోనూ, చాలా టాయిలెట్ క్లీనర్లలోనూ ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడే. అది కరిగించేది సున్నపు గారని. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కమోడ్ అంచు కింద ఉండే చిన్న రంధ్రాలు గారతో మూసుకుపోతాయి. ఫ్లష్ నొక్కితే నీళ్లు చుట్టూ తిరగకుండా ఒక పక్కనుంచే నీరసంగా జారతాయి. చిన్న అద్దం పెట్టి అంచు కిందకి చూడండి, తెల్లగా గట్టిపడిన గార కనిపిస్తుంది. క్లీనర్ పనికొచ్చేది అక్కడ. పైపులో గుడ్డో, ప్యాడో, డైపరో ఇరుక్కుంటే యాసిడ్ దాన్ని కదిలించలేదు. పైగా నిలిచిన నీళ్లలో అలాగే ఉండిపోతుంది. తర్వాత వచ్చిన ప్లంబర్ రబ్బరు పంపుతో కొట్టగానే ఆ నీళ్లు ఆయన కళ్లలోకి చిందుతాయి. ఇప్పటికే పోసి ఉంటే ఆయన చెయ్యి పెట్టకముందే ఆ మాట చెప్పండి.

ఇక యాసిడ్ మీద బ్లీచింగ్ పౌడర్ వేయమనడం ఘోరం. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో సైనికుల మీదకి వదిలిన విషవాయువు అదే. తలుపేసిన చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులని దెబ్బతీస్తుంది. పొరపాటున కలిపేసి కళ్లు మండినా, దగ్గు మొదలైనా, ఇంకో బకెట్ నీళ్లు కొడదామని అక్కడే నిలబడకండి. వెంటనే బయటికొచ్చి గాలి ఆడే చోట ఉండండి. ఊపిరి ఆడనట్టుంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

అసలు పోయడానికి ముందు అడ్డు ఎక్కడుందో కనుక్కోవాలి కదా. ఆ ముక్క మెసేజ్‌లో ఎక్కడా లేదు. ఒక్క కమోడ్‌లోనే నీళ్లు నిలిచి, పక్క బాత్రూం మామూలుగా ఉంటే అడ్డు ఆ కమోడ్ వంపులోనో, దాని పైపులోనో ఉన్నట్టు. రబ్బరు పంపుతో కొట్టి చూడండి, కదలకపోతే ప్లంబర్ స్ప్రింగు వైరు పెట్టి తీస్తాడు. అన్ని బాత్రూముల్లోనూ నీళ్లు ఎగదన్నుతుంటే బయట ఛాంబర్ (ఇంటి మురుగు పైపులు వచ్చి కలిసే గుంత) మూత తీయించండి. అది నిండి ఉంటే అడ్డు ఛాంబర్ దాటాక ఉంది. ఖాళీగా ఉండి, లోపల బకెట్ నీళ్లు పోసినా అక్కడికి రాకపోతే ఇంటికీ ఛాంబర్‌కీ మధ్యలో ఉంది. ఇంత చూసి ప్లంబర్‌ని పిలిస్తే ఆయనకి సగం పని తగ్గినట్టే.

వైట్ సిమెంట్ విషయంలో ఆశపడకండి. కమోడ్ అడుగున కారుతోందంటే పైపుతో కలిసే జాయింట్ వదిలిందనో, కమోడ్ కదులుతోందనో అర్థం. పైన పూత పూస్తే నీళ్లు మనకి కనిపించడం మానేస్తాయి, కారడం మానవు. స్లాబులోకి దిగి కింది ఫ్లాటు వాళ్ల సీలింగ్ మీద పసుపు మరకై తేలతాయి. అప్పటికి గొడవా పెద్దదవుతుంది, ఖర్చూ పెద్దదవుతుంది. కమోడ్ ఎత్తి జాయింట్ మళ్లీ చేయించడమే దారి.

గాలి గొట్టం మూస్తే ట్యాంకులో పుట్టే గ్యాస్‌కి ఇంటి పైపులే దారవుతాయి, వాసన బాత్రూంలోకే వస్తుంది. దోమల బాధకి గొట్టం మూతికి నైలాన్ వల బిగించి కట్టండి, చాలు.

బెల్లం, ఈస్ట్ మాట చూద్దాం. మలాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా మలంతో పాటే కావలసినంత వస్తుంది, మనం పెంచి పోయనక్కర్లేదు. అదెంత పనిచేసినా కుళ్లకుండా మిగిలే మడ్డి అడుగున పేరుకుంటూనే ఉంటుంది. అందుకే రెండు మూడేళ్లకోసారి తీయించమని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సీసాలకి సీసాలు యాసిడ్ పోస్తే ఆ బ్యాక్టీరియానే చస్తుంది. ఒకే మెసేజ్‌లో ఒక చేత్తో చంపమని, ఇంకో చేత్తో పెంచమని ఎలా చెబుతారు?

కమోడ్ మార్చడం గురించి. అడ్డు లైన్లో ఉంటే కొత్త కమోడ్ కూడా అలాగే నిలుస్తుంది. ఫ్లష్ ట్యాంక్ నుంచి ఆగకుండా నీళ్లు కారుతున్నా మార్చాల్సింది చాలాసార్లు లోపలి వాషరే. ట్యాంకులో కొంచెం ఫుడ్ కలర్ కలిపి, ఫ్లష్ నొక్కకుండా అరగంట ఆగండి. కమోడ్‌లోకి రంగు దిగితే వాషర్ నీళ్లని ఆపడం లేదు. మూత తీసి చూస్తే ఆ రబ్బరు ఉబ్బి, జిగటగా, అంచు మీద గార పట్టి ఉంటుంది. పింగాణీకి పగులు వస్తే మాత్రం ఆలోచించకుండా మార్చేయండి, ఒంటి బరువు పడేచోట అది విరిగితే కత్తిలా కోస్తుంది. కొనేముందు పాతదాని పైపు నేలలోకి దిగుతోందో గోడలోకి పోతోందో చూసుకోండి. నేలలోకైతే టైల్స్ వేసిన గోడ నుంచి పైపు మధ్యకి ఎన్ని అంగుళాలో టేపుతో కొలిచి ఆ కొలత షాపులో చెప్పండి. అది సరిపోకపోతే టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది.

చివరిగా దీపం సంగతి, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇదే. దీపం ఆరకపోతే ఆక్సిజన్ ఉందని మాత్రమే తెలుస్తుంది. సెప్టిక్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే, కానీ ఎక్కువ మోతాదులో అది ముక్కుకి వాసనే తెలియకుండా చేస్తుంది. దీపం నిక్షేపంగా వెలుగుతుండగానే మనిషి కుప్పకూలిపోతాడు, కాపాడదామని దూకినవాడూ లేవడు. పైగా ట్యాంకులో మీథేన్ ఉంటే ఆ దీపమే దాన్ని అంటిస్తుంది.

చట్టం కూడా ఒప్పుకోదు. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంక్ పనికి పెట్టడం, చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంటి ఓనరుకీ ఇది వర్తిస్తుంది. మురుగు కాలువలు శుభ్రం చేస్తూ చనిపోయినవారి కుటుంబాలకి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పనిలో మనుషులు చావకూడదని దశాబ్దాలుగా పోరాడుతున్న బెజవాడ విల్సన్ మన తెలుగు కుటుంబంలోనే పుట్టారు, 2016లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది.

ట్యాంక్ నిండితే పీల్చే మోటారున్న లారీని పిలవండి. మున్సిపాలిటీని అడగండి, లేదా మురుగు, సెప్టిక్ ట్యాంక్ పనుల కోసం ఉన్న 14420 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. మీ సందులోకి లారీ రాదనుకుంటే ఎంత పొడవు పైపు కావాలో ఫోన్లోనే చెప్పండి. వచ్చినవాళ్లు అడుగున గట్టిపడిన మడ్డి కోసం "ఒక మనిషిని దింపుదాం సార్" అంటే ఒప్పుకోకండి. నీళ్లు కొట్టి, కలిపి, పైనుంచే లాగమని చెప్పండి.