సేఫ్టీ ఆఫీసర్ సంతకానికి విలువ తెచ్చే చదువు ఏది?

అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మెట్లెక్కితే ఫైర్ అండ్ సేఫ్టీ బోర్డు ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. నెల రోజుల సర్టిఫికెట్, ఆరు నెలల డిప్లొమా, ఏడాది అడ్వాన్స్‌డ్ డిప్లొమా, నెబాష్, ఐఓష్ అనే బ్రిటన్ సంస్థల సర్టిఫికెట్లు అన్నీ ఒకే కౌంటర్‌లో దొరుకుతాయి. పాలిటెక్నిక్, బీఎస్సీ, బీటెక్ అయ్యి ఖాళీగా ఉన్న పిల్లలు చాలామంది వీటిలో చేరుతున్నారు, అప్పు చేసి ఫీజు కట్టేవాళ్లూ ఉన్నారు. ఏ కాగితం ఎక్కడ చెల్లుతుందో నిబంధనలు చూస్తే తెలిసిపోతుంది. చెల్లిన చోట ఆ పని చేయడం వచ్చా అన్నది మాత్రం ఇప్పటి శిక్షణలో ఎవరూ పరీక్షించడం లేదు. మనుషుల ప్రాణాలు ఆధారపడేది దాని మీదే.

ముందు చెల్లుబాటు సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 40-బి సెక్షన్ ప్రకారం వెయ్యి మంది, అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాల్సి ఉండేది. ప్రమాదకర పనులు జరిగే చోట రాష్ట్ర ప్రభుత్వం సంఖ్యతో నిమిత్తం లేకుండా పెట్టమనగలిగేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యను బాగా తగ్గించింది. మామూలు ఫ్యాక్టరీకి 500, ప్రమాదకర ప్రక్రియ ఉన్న ఫ్యాక్టరీకి 250, భవన నిర్మాణానికి 250, గనికి 100. మూడు వందల మందితో నడిచే జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు బల్క్ డ్రగ్ యూనిట్లకూ, కోకాపేట టవర్ల సైట్లకూ ఇది నేరుగా వర్తిస్తుంది. పోస్టులు పెరుగుతాయి, అందులో అనుమానం లేదు.

పోస్టుకు ఎవరు అర్హులన్నది ఆ కోడ్ కింద వచ్చే నిబంధనల్లో ఉంటుంది. పాత చట్టం కింది నమూనా నిబంధనలు మాత్రం స్పష్టంగానే ఉన్నాయి. ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ స్థాయిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఇంజినీరింగ్ డిప్లొమా గానీ, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ డిగ్రీ గానీ అయితే ఐదేళ్లు. దానిపైన రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రత డిప్లొమా ఉండాలి. చాలామంది దెబ్బతినేది అనుభవం దగ్గరే. డిగ్రీ అయిన వెంటనే డిప్లొమా చేసి, సూపర్‌వైజర్‌గా ఒక్క షిఫ్టు కూడా చూడకుండా దరఖాస్తు పెడితే చట్టబద్ధమైన పోస్టు దక్కదు. ముందు ప్రొడక్షన్‌లోనో మెయింటెనెన్స్‌లోనో చేరి, ఆ తర్వాత డిప్లొమాకు వెళ్లడం మంచి దారి. ముంబైలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్‌కూ, చెన్నై వంటి చోట్ల ఉన్న రీజినల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్లకూ పరిశ్రమలో విలువ ఉంది. మిగతా ఎక్కడ చేరినా గుర్తింపు ఉత్తర్వు కాపీ చూపించమని అడగాలి.

నెబాష్ దారి వేరు. అది 1979లో బ్రిటన్‌లో ఏర్పడిన పరీక్షల సంస్థ. దాని ఇంటర్నేషనల్ జనరల్ సర్టిఫికెట్‌ను గల్ఫ్ కంపెనీలు, పెద్ద నిర్మాణ కాంట్రాక్టర్లు అడుగుతారు. అదొక్కటే పట్టుకుని జీడిమెట్ల ఫ్యాక్టరీలో చట్టం అడిగిన పోస్టుకు వెళితే కుదరదు. మొదటి పేపర్ ఓపెన్ బుక్ పద్ధతిలో ఉంటుంది, పాస్ మార్కు 45. పుస్తకం దగ్గరుంటే తేలికే అనుకుని దెబ్బతినేవాళ్లు చాలామంది. ప్రశ్నలో ఒక సంస్థలో జరిగిన సంఘటనను వివరంగా ఇస్తారు, ప్రతి పాయింటుకూ అందులోంచి ఆధారం చూపాలి. కోచింగ్ సెంటర్ పంచిన జవాబు దింపితే మార్కులు రావు, పైగా ఆ తర్వాతి ఇంటర్వ్యూలో దొరికిపోతారు. రెండో భాగంలో ఒక పనిస్థలాన్ని చూసి కనీసం ఐదు రకాలకు చెందిన పది ప్రమాదాలు రాయాలి. అక్కడ ప్రతి గడిలోనూ హెల్మెట్, గ్లౌజులు అని రాసేస్తే ఏం నేర్చుకున్నట్టు? ప్రమాదాన్ని తొలగించగలమా, తక్కువ ప్రమాదకరమైనది వాడగలమా, గార్డు బిగించగలమా అని చూసుకుంటూ వచ్చాక చివర్న మిగిలేవి హెల్మెట్, గ్లౌజులు.

ఇక పని సంగతి. ఒక రియాక్టర్ లోపలికి మనిషిని దించి శుభ్రం చేయించాలి. అందులో నిన్నటిదాకా టోల్యూన్ అనే మండే సాల్వెంట్ ఉంది, పైన నైట్రోజన్ నింపారు. గొట్టం దించి చూస్తే గ్యాస్ డిటెక్టర్ ఎల్ఈఎల్ 3 శాతం చూపింది. ఎల్ఈఎల్ అంటే పేలుడుకు కావలసిన కనీస గాఢత. అందులో పదో వంతు లోపుంటే ఫర్వాలేదని పుస్తకంలో ఉంది కదా అని లోపలికి దిగే పర్మిట్ మీద సంతకం పెడితే మనిషి పోతాడు. మామూలు డిటెక్టర్‌లోని ఎల్ఈఎల్ సెన్సర్ వాయువును చిన్న పూస మీద కాల్చి, ఆ వేడిని కొలుస్తుంది. కాలడానికి ఆక్సిజన్ కావాలి. నైట్రోజన్ నిండిన చోట ఆక్సిజన్ 10 శాతం కిందికి పడిపోతే ఆ రీడింగ్‌ను నమ్మడానికి లేదు. ఆక్సిజన్‌ను ముందు చూడమనేది అందుకే. అది 19.5 నుంచి 23.5 శాతం మధ్య ఉంటే ఎల్ఈఎల్ చూడాలి, ఆ తర్వాత విషవాయువులు.

ఆక్సిజన్ సరిగ్గానే ఉందనుకుందాం. అప్పుడైనా ఆ 3 శాతం క్షేమమా? టోల్యూన్ పేలుడు కనీస గాఢత గాలిలో సుమారు 1.1 శాతం, అంటే 11,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 11,000). అందులో 3 శాతమంటే 330 పీపీఎం. ఎనిమిది గంటల పనికి ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్ ఇచ్చిన పరిమితి 100 పీపీఎం. మీథేన్‌తో క్యాలిబ్రేట్ చేసిన డిటెక్టరైతే టోల్యూన్‌ను ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది, అసలు గాఢత ఇంకా ఎక్కువే ఉంటుంది. పేలదు గానీ మనిషికి తల తిరుగుతుంది, గాఢత బాగా పెరిగితే స్పృహ కూడా తప్పుతుంది. నాలుగు వాయువుల డిటెక్టర్ సాల్వెంట్ విషాన్ని చూడలేదు, దానికి సాల్వెంట్ ఆవిరిని పీపీఎంలలో కొలిచే పీఐడీ (ఫొటో అయనైజేషన్ డిటెక్టర్) కావాలి. ఈ లెక్క కాగితం మీద పది నిమిషాల పని. సిలబస్‌లో ముక్కలు ముక్కలుగా అంతా ఉంది, కలిపి చేయించేవాళ్లే లేరు.

మ్యాన్‌హోల్‌కు వస్తే ఇదే పని ఇంకో రకంగా చెడుతుంది. మీథేన్ తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు, అడుగున ఉంటుంది. మూత దగ్గర ఒక్క రీడింగ్ తీసి దించేస్తే అడుగున ఉన్నది తెలియదు. పైన, మధ్యన, కింద మూడు చోట్లా చూడాలి. ప్రతి చోటా గాలి గొట్టం గుండా వచ్చేదాకా, సెన్సర్ నిలకడకు వచ్చేదాకా ఆగాలి, ఎంతసేపన్నది ఆ పరికరం మాన్యువల్‌లో రాసి ఉంటుంది. కుళ్లిన గుడ్ల వాసన రావట్లేదు కాబట్టి ఏమీ లేదనుకోవడం ఘోరమైన పొరపాటు. సుమారు 100 పీపీఎం దాటితే ఆ వాయువు వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది.

2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. అక్కడ తయారయ్యేది మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి. హైదరాబాద్‌లో సేఫ్టీ చదివే ప్రతి ఒక్కరికీ ధూళి పేలుడు పాఠం కంఠతా రావాలి. చాలా క్లాసుల్లో మాత్రం ఇంధనం, ఆక్సిజన్, నిప్పు అనే త్రికోణం గీసి వదిలేస్తారు. ధూళి పేలడానికి ఇంకో రెండు కావాలి, పొడి గాల్లో మేఘంలా లేవడం, చుట్టూ మూసి ఉన్న చోటు. శుభ్రం చేయడానికి కంప్రెస్డ్ ఎయిర్ కొట్టడం ఎందుకు ప్రమాదమో దీంతో అర్థమవుతుంది, ఆ మేఘాన్ని మనమే లేపుతాం. మొదటి పేలుడు చిన్నదే కావచ్చు. దూలాల మీద, కేబుల్ ట్రేల మీద మిల్లీమీటర్ మందం కూడా లేని పొర ఆ కుదుపుకు లేచి రెండోసారి పేలితే షెడ్డు షెడ్డంతా పోతుంది. కాబట్టి తనిఖీకి వెళ్లినవాళ్లు నిచ్చెన వేసుకుని పైనున్న దూలం మీద వేలితో గీసి చూడాలి.

ఎత్తులో పని మరో పెద్ద లోటు. హార్నెస్ వేసుకున్నాడా లేదా అన్నదానితో తనిఖీ అయిపోతోంది. హార్నెస్‌ను కొక్కేనికి కలిపే తాడు, అంటే లాన్యార్డ్, 1.8 మీటర్లు, షాక్ అబ్సార్బర్ సాగితే మరో 1.75, వీపు మీది డి-రింగ్ నుంచి పాదాల దాకా 1.5, పైన ఒక మీటర్ జాగ్రత్తకు. మొత్తం ఆరు మీటర్లకు పైనే. తగిలించిన చోటు నుంచి కింద అంత ఖాళీ లేకపోతే హార్నెస్ పనిచేసే లోపే మనిషి నేలను తాకుతాడు. మొదటి స్లాబ్ అంచున, కింద మూడు మీటర్లే ఉన్న చోట, కాలి దగ్గర కొక్కెం తగిలిస్తే అది ఉన్నా లేనట్టే. అక్కడ కావలసింది అంచున రెయిలింగ్.

ప్రమాదాల లెక్కల్లో కూడా ఒక తిరకాసు ఉంది. 250 మంది, రోజుకు 8 గంటలు, 300 రోజులు పనిచేస్తే 6,00,000 పని గంటలు. ఏడాదిలో మూడు గాయాలకు పనిరోజులు పోయాయి. భారత ప్రమాణం ఐఎస్ 3786 ప్రకారం పది లక్షల గంటలకు లెక్కిస్తే ఫ్రీక్వెన్సీ రేటు, అంటే గాయాల రేటు, 5. అమెరికా పద్ధతిలో 2,00,000 గంటలకు లెక్కిస్తే 1. ఏ పద్ధతో రాయకుండా రిపోర్టులో అంకె ఒక్కటే వేస్తే చదివేవాడు మోసపోతాడు.

పాత నమూనా నిబంధనల్లోనే ఇంకో షరతు ఉంది, దాన్ని అడిగే ఇన్‌స్టిట్యూట్ దాదాపు కనిపించదు. ఆ ప్రాంతపు కార్మికుల్లో అత్యధికులు మాట్లాడే భాష సేఫ్టీ ఆఫీసర్‌కు తగినంతగా వచ్చి ఉండాలి. పాశమైలారం, బొల్లారం షిఫ్టుల్లో ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. నెబాష్ ఇంగ్లీషులో చదివి, తెలుగులో ఆలోచించే కుర్రాడు వాళ్లకు లాకౌట్ ట్యాగౌట్ (మెషిన్ ఆపి, ఎవరూ నడపకుండా తాళం, ట్యాగ్ వేయడం) గురించి ఐదు నిమిషాలు హిందీలో చెప్పగలగాలి. ఏ స్విచ్ ఆపాలో, ఎవరి తాళం ఎవరు తీయాలో, తాళం వేశాక స్టార్ట్ బటన్ నొక్కి మెషిన్ తిరగట్లేదని ఎందుకు చూసుకోవాలో. విన్న కార్మికుడు తిరిగి చెప్పగలిగితేనే ఆ ట్రైనింగ్ జరిగినట్టు, రిజిస్టర్‌లో వేలిముద్ర ఉంటే జరిగినట్టు కాదు.

సాంకేతిక విద్యా బోర్డు, ఫ్యాక్టరీల శాఖ కలిసి ఈ డిప్లొమాలకు ఒక ప్రాక్టికల్ పరీక్ష పెట్టాలి. డిటెక్టర్ చేతికిచ్చి మూడు చోట్ల రీడింగ్ తీయించి, పర్మిట్ నింపించి, దాన్ని ఎందుకు ఇచ్చావో ఎందుకు నిరాకరించావో హిందీలోనో తెలుగులోనో చెప్పించాలి. ఖర్చు పెద్దగా ఉండదు. అది వచ్చేదాకా చేరేవాళ్లే చూసుకోవాలి. ఫీజు కట్టేముందు ప్రాక్టికల్ రూమ్ చూపించమనండి. గ్యాస్ డిటెక్టర్ ఆన్ చేయించండి. పక్కన క్యాలిబ్రేషన్ గ్యాస్ సిలిండర్ ఉందో లేదో, ఉంటే దాని మీది గడువు తేదీ దాటిందో లేదో చదవండి.